అమ్మమ్మకి షుగరు కదా, పంచదార ఎందుకు పెట్టాలి?

మన బడి వార్షిక సంచికలో పాఠాలంటే ఒత్తులు, గుణింతాలు, సామెతలు, పండుగలు ఉండడం ఆనవాయితీ. ఈసారి మాకు ఇచ్చిన పేజీలలో ఒక ఆరోగ్య పాఠం వ్రాస్తున్నాము. మేము వైద్యులము కాము. వారమంతా కంప్యూటర్ల ముందు కూర్చుని, సెలవు రోజున మీ పిల్లలకు అ ఆలు దిద్దించే ఇంజనీర్లము. అయినా ఈ పాఠం తెలుగు బడిలోనే చెప్పాలని మా అభిప్రాయం. ఎందుకో చెబుతాము.

సౌదీలో మన ఇళ్ళ సంగతి అందరికీ తెలిసిందే. నాన్న పొద్దున్నే ఆఫీసుకో సైటుకో వెళతారు. చాలా ఇళ్ళలో అమ్మ కూడా ఆసుపత్రిలో నర్సుగానో స్కూల్లో టీచరుగానో డ్యూటీకి వెళుతుంది. విజిట్ వీసా మీద వచ్చిన అమ్మమ్మ, తాతయ్యలకు తోడుగా ఇంట్లో మిగిలేది స్కూలు నుంచి వచ్చిన పిల్లలే. ఆవిడకు అరబ్బీ రాదు, ఇంగ్లీషు అంతంత మాత్రం. షుగరు పడిపోతున్నప్పుడు ఆవిడ నోటి నుంచి వచ్చేది పుట్టి పెరిగిన ఊరి తెలుగు. ఆ తెలుగు అర్థమై, వెంటనే కదలాల్సింది పది పన్నెండేళ్ళ మనవడో మనవరాలో. ఆ పది నిమిషాలలో ఆ ఇంటికి డాక్టరూ, దుబాసీ వాళ్ళే.

ఒకసారి తరగతిలో "నీరసం అంటే ఏమిటి?" అని అడిగాము. మూడో తరగతి బాబు ఒకడు చటుక్కున లేచి "నీళ్ళ రసం సార్, చారు లాంటిది" అన్నాడు. అందరం నవ్వుకున్నాము. వాడి తర్కంలో తప్పేమీ లేదు కూడా. కానీ ఆ ఇంట్లో నాయనమ్మ "నీరసంగా ఉందిరా" అంటే వాడు వంటింట్లోకి వెళ్ళి చారు కోసం వెతుకుతాడేమో అన్న ఆలోచన మమ్మల్ని చాలా రోజులు వదలలేదు.

ఇంకో పిల్ల అడిగిన ప్రశ్న ఇంకా గట్టిది. "అమ్మమ్మకి షుగరు కదా, స్వీట్లు పెట్టకూడదు అంటారు. మరి కళ్ళు తిరిగితే పంచదార పెట్టమంటారేం?" జబ్బు పేరూ షుగరే, దానికి విరుగుడు పేరూ షుగరే అయితే పిల్లలు తికమక పడరా? పెద్దవాళ్ళే పడుతున్నారు. "షుగరు మనిషికి పంచదారా!" అని చేతిలోని గ్లాసు లాక్కునే బంధువులు మన ఇళ్ళలో తక్కువేమీ కాదు. కాబట్టి ముందు ఈ ముడి విప్పుదాము.

పిల్లలూ, ఒక చిన్న లెక్క చేయండి. పెద్దవాళ్ళ ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో చక్కెర డెసిలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉందనుకోండి. డెసిలీటరు అంటే లీటరులో పదో వంతు. అప్పుడు లీటరుకు 1 గ్రాము, మొత్తం రక్తంలో 5 గ్రాములు. అంటే ఒక్క టీ చెంచాడు! ఇంత పెద్ద మనిషి రక్తంలో ఏ క్షణాన చూసినా తిరిగే చక్కెర అంతే. అది సగానికి పడిపోతే మిగిలేది అర చెంచా. మన బరువులో మెదడు 2 శాతమే, కానీ శరీరం ఖర్చు పెట్టే శక్తిలో సుమారు 20 శాతం అదే తీసుకుంటుంది. ఆ శక్తి ముఖ్యంగా ఈ చక్కెర నుంచే రావాలి. అందుకే అర చెంచా తేడాకే మనిషి తూలిపోతాడు.

మామూలు మనిషికి ఇలా ఎందుకు జరగదు? ఇంజనీరింగు చదివిన నాన్నలకు కంట్రోల్ సిస్టమ్స్ సబ్జెక్టు గుర్తుండే ఉంటుంది. పిల్లలకైతే ఏసీ చాలు. గది చల్లబడగానే ఏసీలోని థర్మోస్టాట్ కంప్రెసర్‌ను ఆపేస్తుంది. ఒంట్లో కూడా అంతే. చక్కెర తగ్గుతుంటే క్లోమం ఇన్సులిన్‌ను తగ్గిస్తుంది, గ్లూకగాన్ అనే ఇంకో హార్మోన్‌ను వదులుతుంది. దాంతో కాలేయం దాచుకున్న చక్కెరను రక్తంలోకి పంపిస్తుంది. కానీ ఇంజక్షన్‌గా వేసుకున్న ఇన్సులిన్ థర్మోస్టాట్ లేకుండా నేరుగా కరెంటుకు కలిపిన ఏసీ లాంటిది. గది గడ్డకట్టుకుపోతున్నా తిరుగుతూనే ఉంటుంది. వేసిన ఇంజక్షన్‌ను వెనక్కి తీయలేము కదా. కొన్ని మాత్రలూ ఇలాగే పని చేస్తాయి. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ అనే పేర్లు అమ్మమ్మ మాత్రల అట్ట మీద ఉన్నాయేమో చూడండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకు ఈ ప్రమాదం చాలా తక్కువ.

కనుక జబ్బు చక్కెర ఎక్కువ కావడమే, నిజం. కానీ మందు వేసుకున్నాక భోజనం ఆలస్యమైతే, తక్కువ తింటే, ఎక్కువ నడిస్తే, అదే మందు చక్కెరను అవసరానికి మించి కిందికి దింపేస్తుంది. ఎక్కువైన షుగరు హాని చేయడానికి చాలా వరకు ఏళ్ళు పడుతుంది. పడిపోయిన షుగరు ఆ పూటే ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ఆ క్షణాన పంచదారే మందు.

ఇప్పుడు మన తెలుగు పాఠం. డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే లో షుగరు అంటారు. ఆ దరిదాపులకు రాగానే ఒంట్లో ఎడ్రినలిన్ అనే అలారం మోగుతుంది. అలారం మోగితే కనిపించేవి ఇవి. ఏసీ గదిలో కూర్చున్నా చెమటలు పడతాయి. ఒళ్ళంతా తడిసిపోయేంతగా పడితే "ముచ్చెమటలు పోస్తున్నాయి" అంటారు. చేతులు వణుకుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, దాన్నే "దడ" అంటాము. విపరీతమైన ఆకలి వేస్తుంది. పెదవుల చుట్టూ తిమ్మిరిగా అనిపించవచ్చు. నీరసం అంటే ఒంట్లో శక్తి లేకపోవడం, చారు కాదు!

అలారాన్ని పట్టించుకోకపోతే, చక్కెర ఇంకా తగ్గి 54 దిగువకు వస్తే, ఈసారి మెదడుకే తిండి చాలదు. "కళ్ళు తిరుగుతున్నాయి", "కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి" అంటారు. మాట తడబడుతుంది. అడిగినదే మళ్ళీ అడుగుతారు. నడక తూలుతుంది. మగతగా, అంటే నిద్రా మెలకువా కాని స్థితిలో ఉంటారు. ఎప్పుడూ శాంతంగా ఉండే తాతయ్య ఉన్నట్టుండి విసుక్కుంటారు, కసురుకుంటారు. ఆ కోపం ఆయనది కాదు, చక్కెర లేని మెదడుది. పిల్లలు దీన్ని ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోవాలి. ఎందుకంటే "నాకేం కాలేదు, పో" అని గ్లాసు తోసేసేది సరిగ్గా ఈ దశలోనే. అప్పుడు వాదించకూడదు, అలిగి వెళ్ళిపోకూడదు. "తాతయ్యా, ముందు ఇది తాగు, తర్వాత తిట్టు" అని పక్కనే కూర్చుని తాగించాలి.

ఊరిని బట్టి మాట మారుతుంది. గోదావరి వైపు అమ్మమ్మ "శోష వస్తోందే" అంటే స్పృహ తప్పేలా ఉందని. కరీంనగర్ నానమ్మ "పానం బాగలేదు బిడ్డా" అంటే ఒంట్లో బాగోలేదని, "సోయి లేదు" అంటే స్పృహ లేదని. ఒకరు పంచదార తెమ్మంటారు, ఇంకొకరు చక్కెర తెమ్మంటారు. డబ్బా ఒకటే!

రాత్రి పూట పడిపోయే షుగరుకు మాటలుండవు. తడిసిన దిండు, పీడకలలు, పొద్దున లేవగానే తలనొప్పి దాని ఆనవాళ్ళు. చాలా ఏళ్ళుగా జబ్బు ఉన్నవారిలో, తరచు షుగరు పడిపోయేవారిలో అలారం మోగడమే మానేయవచ్చు. నేరుగా తడబాటే కనబడుతుంది. రక్తపోటుకూ గుండెకూ వాడే బీటా బ్లాకర్ మాత్రలు దడనూ వణుకునూ కప్పిపుచ్చుతాయి. చెమట మాత్రం పడుతుంది. చెమటను నమ్మండి.

సరే, ఏం చేయాలి? మీటరు చేతికి అందేలా ఉంటే వేలు గుచ్చి చూడండి. మీటరు కనబడకపోతే వెతుకుతూ కూర్చోకండి, షుగరు పడిపోయిందనుకునే వైద్యం మొదలుపెట్టండి. అనవసరంగా ఇచ్చిన మూడు చెంచాల పంచదార వల్ల ఒక పూట షుగరు కాస్త పెరుగుతుంది, అంతే. అవసరమైనప్పుడు ఇవ్వకపోతే జరిగే నష్టం వేరు.

ఇవ్వవలసింది 15 గ్రాముల చక్కెర. మూడు నాలుగు టీ చెంచాల పంచదార అర గ్లాసు నీళ్ళలో కలిపితే సరిపోతుంది. లేదా 150 మిల్లీలీటర్ల పండ్ల రసం, లేదా ఒక పెద్ద చెంచాడు తేనె. బెల్లం ముక్క అయినా సరే, నమిలి మింగగలిగితే. ఈ దేశంలో ఏ ఇంట్లోనైనా, ఏ ఆఫీసులోనైనా దొరికే చిన్న ఖర్జూరాలు రెండు మూడు ఇవ్వవచ్చు. అయితే కరిగించిన చక్కెర, రసం అంతకంటే త్వరగా పని చేస్తాయి. తర్వాత 15 నిమిషాలు గడియారం చూసి ఆగాలి. మళ్ళీ పరీక్షిస్తే ఇంకా 70 దాటకపోతే మరో 15 గ్రాములు ఇవ్వాలి. దాటాక, భోజనానికి ఇంకా గంటకు పైగా ఉంటే రెండు ఇడ్లీలో, కాస్త పెరుగన్నమో పెట్టాలి. లేకపోతే ఎక్కిన చక్కెర మళ్ళీ దిగిపోతుంది. చేతికి సెన్సర్ అతికించుకునేవారు ఒకటి గమనించాలి. సెన్సర్ అంకె రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది. మనిషి తేరుకున్నా అది ఇంకా తక్కువే చూపిస్తుంటే కంగారుపడి వేలు గుచ్చకుండా గ్లాసు మీద గ్లాసు తాగించకండి.

ఈ వైద్యం ఇన్సులిన్ అంత పాతది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను వెలికితీసిన తర్వాత, దానిని శుద్ధి చేసే పని కాలిప్ చేతికి వచ్చింది. ఆయన తన మందు బలాన్ని కుందేళ్ళ మీద పరీక్షించేవారు. ఎక్కువ మోతాదు పడిన కుందేళ్ళు గిలగిల కొట్టుకుని మూర్ఛపోయేవి. గ్లూకోజ్ ఎక్కిస్తే లేచి తిరిగేవి. 1922 జనవరిలో 14 ఏళ్ళ లెనార్డ్ థాంప్సన్‌కు మొదటి ఇంజక్షన్ ఇచ్చే నాటికే మందూ, దాని ప్రమాదమూ, విరుగుడూ మూడూ తెలిసిపోయాయన్న మాట.

ఏవి పనికిరావో కూడా చెప్పాలి, ఎందుకంటే కంగారులో చేతికి వచ్చేవి అవే. డైట్ పెప్సీ, జీరో కోలాలలో చక్కెర ఉండదు కనుక అవి నీళ్ళతో సమానం. సీసా మీద అరబ్బీలో "బిదూన్ సుక్కర్" అని ఉంటే పక్కన పెట్టేయండి. ఇప్పుడు మామూలు కూల్‌డ్రింకులలో కూడా చక్కెర తగ్గించి అమ్ముతున్నారు కాబట్టి 100 మిల్లీలీటర్లకు ఎన్ని గ్రాములో చదవడం పిల్లలకు నేర్పండి, మంచి లెక్కల పాఠం కూడా. చాక్లెట్, ఐస్‌క్రీం, నేతి లడ్డు తియ్యగానే ఉంటాయి కానీ వాటిలోని కొవ్వు చక్కెరను త్వరగా రక్తంలోకి పోనివ్వదు. లడ్డు తర్వాత తినవచ్చు! ఇంకో చిక్కు ఉంది. ఇండియా నుంచి తెచ్చుకునే మాత్రలలో వోగ్లిబోస్ గానీ ఎకార్బోస్ గానీ కలిసి ఉంటే పంచదార సరిగ్గా పని చేయదు, ఆ మందు పంచదారను పేగులో విడగొట్టనివ్వదు. వాళ్ళకు గ్లూకోజ్ పొడి నీళ్ళలో కలిపి ఇవ్వాలి. అట్ట మీద పేరు చూసి, ఆ పొడి ఒక డబ్బా ఇంట్లో ఉంచుకోండి.

మనిషి పిలిస్తే పలకకపోతే, మింగలేకపోతే, మూర్ఛ వస్తుంటే నోట్లో ఏమీ పోయకూడదు, చెంచాడు నీళ్ళు కూడా. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, రెడ్ క్రెసెంట్ అంబులెన్సుకు 997 చేయండి. రియాద్, మక్కా, తూర్పు ప్రాంతాలలో 911 కూడా పని చేస్తుంది. ఇంగ్లీషు తోచకపోతే "జద్దతీ ఇందహా హుబూత్ సుక్కర్" అంటే మా అమ్మమ్మకు షుగరు పడిపోయిందని అర్థం. తాతయ్యకైతే "జద్దీ ఇందహూ" అనాలి. ఇన్సులిన్ వాడేవారి ఇంట్లో గ్లూకగాన్ ఇంజక్షన్ ఉంచుకోవచ్చా అని డాక్టరుగారిని అడగండి. ముక్కులో కొట్టే పొడి రూపంలో కూడా దీనికి 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. నోరు ఒక వైపు వంకరపోయినా, ఒక చేయి పడిపోయినా పక్షవాతం కావచ్చు, పంచదారతో సరిపెట్టుకోకుండా 997 చేయాల్సిందే. గ్లిమిపిరైడ్ వంటి మాత్రల వల్ల తీవ్రంగా పడిపోయిన షుగరు, తేరుకున్నాక కూడా గంటల తరబడి మళ్ళీ మళ్ళీ పడిపోతుంది. మూత్రపిండాలు బలహీనంగా ఉన్న పెద్దవారిలో మరీను. "లేచి కూర్చున్నారుగా" అని ఇంట్లో ఉంచేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

మన ఇళ్ళలో షుగరు పడిపోయే సందర్భాలు ముందే తెలిసినవే. అమ్మమ్మ ఆరున్నరకే మాత్ర వేసుకుంటుంది, పూజ ముగిసే దాకా పచ్చి మంచినీళ్ళు ముట్టదు. పూజ తొమ్మిదింటికి గానీ కాదు. మాత్ర మాత్రం పూజ అయ్యేదాకా ఆగదు. ఏకాదశి, కార్తీక సోమవారాలు సరే సరి. దేవుడు ఏమీ అనుకోడు గానీ అమ్మమ్మ ఒప్పుకోదు, అందుకని ఉపవాసం రోజున ఏ మాత్ర ఎంత వేసుకోవాలో ముందే డాక్టరుగారి చేత చెప్పిస్తే సులువు.

రంజాన్ నెల ఇంకా పెద్ద విషయం. 2001లో సౌదీ, ఇండియాలతో సహా 13 దేశాలలో పన్నెండు వేల మందికి పైగా మధుమేహ రోగులను పరిశీలించిన ఎపిడయార్ అధ్యయనంలో, ఉపవాస మాసంలో తీవ్రమైన లో షుగరు టైప్ 1 వారిలో సుమారు 4.7 రెట్లు, టైప్ 2 వారిలో సుమారు 7.5 రెట్లు పెరిగిందని తేలింది. రోజా ఉండే మన తెలుగు ముస్లిం కుటుంబాలు రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టరును కలిసి మందుల వేళలు మార్పించుకోవడం మంచిది. వేలు గుచ్చి పరీక్షించుకుంటే రోజా చెడదని పండితులు చెబుతున్నారు. 70 కంటే తగ్గితే, ఇఫ్తార్‌కు పది నిమిషాలే ఉన్నా సరే, రోజా విరమించాలని వైద్యుల మార్గదర్శకాలు చెబుతాయి.

ఉమ్రాకు తీసుకువెళ్ళినప్పుడు సఫా మర్వాల మధ్య ఏడు సార్లు నడక ఒక్కటే మూడు కిలోమీటర్లు దాటుతుంది, తవాఫ్ దానికి అదనం. అంత నడక అలవాటు లేని పెద్దవారి జేబులో ఖర్జూరాలు, రసం డబ్బా ఉండాలి. ఇండియా నుంచి వచ్చే రోజున వేళలు రెండున్నర గంటలు వెనక్కి జరుగుతాయి. ఇక్కడ పొద్దున ఏడు అయ్యేటప్పటికి అక్కడ తొమ్మిదిన్నర. విమానంలో ఒకసారి, దిగాక ఒకసారి అదే మాత్ర వేసుకోకుండా చూడాలి.

ఎండాకాలంలో చెమట, నీరసం, కళ్ళు తిరగడం వడదెబ్బకూ ఉంటాయి, లో షుగరుకూ ఉంటాయి. తేడా మీటరే చెప్పాలి. ఎండలో ఆపిన కారులో ఇన్సులిన్, స్ట్రిప్పులు వదిలేస్తే రెండూ పాడవుతాయి. రియాద్ నుంచి దమ్మామ్‌కు నాలుగు వందల కిలోమీటర్లు నడిపే షుగరు ఉన్న నాన్నలు బయలుదేరే ముందూ, ప్రతి రెండు గంటలకూ చూసుకోవాలి. పడిపోతే కారు పక్కకు ఆపి, చక్కెర తీసుకుని, మామూలు స్థితికి వచ్చాక కూడా 45 నిమిషాలు ఆగి నడపాలి.

కుటుంబాలు ఇండియాలో ఉండగా జుబైల్‌లోనో యాన్బూలోనో క్యాంపుల్లో ఉండే మన అన్నదమ్ములకు ఒక్క మాట. ఉద్యోగం పోతుందనో, నలుగురిలో చులకన అవుతామనో జబ్బు దాచుకునేవారు ఉన్నారు. రూములో కనీసం ఒక్కరికైనా చెప్పండి. రాత్రి మీరు లేవకపోతే నిద్ర అనుకునేవాడికీ, షుగరు అనుకునేవాడికీ చాలా తేడా ఉంది. మన తరగతుల్లోనూ ఇన్సులిన్ తీసుకునే పిల్లలు ఉండవచ్చు. వాళ్ళు పాఠం మధ్యలో రసం తాగితే నవ్వకండి, టీచరు అనుమతి కోసం ఆపకండి.

ఒక లెక్క మిగిలింది. అమ్మమ్మ మీటరు 95 అంటుంది, ఇక్కడి ఆసుపత్రి కాగితం 5.3 అంటుంది. రెండూ ఒకటే. ఇక్కడ చాలా చోట్ల మిల్లీమోల్ లెక్కలో ఇస్తారు. దానిని 18తో గుణిస్తే మన అంకె వస్తుంది. 3.9ని గుణించి చూడండి, ఎంతో మీకే తెలుస్తుంది. 3.0ని కూడా గుణించండి.

ఇంటి పని. ఒక తెల్ల కాగితం తీసుకోండి. పైన పెద్ద అక్షరాలతో 997 వ్రాయండి. దాని కింద నాలుగు అక్షరాలు, నాలుగు అంకెలు ఉండే మీ ఇంటి నేషనల్ అడ్రస్ పొట్టి కోడ్, అమ్మానాన్నల నంబర్లు, అమ్మమ్మ మాత్రల పేర్లు, పంచదార డబ్బా ఏ అరలో ఉందో వ్రాయండి. తర్వాత అమ్మమ్మ పక్కన కూర్చుని "షుగరు పడిపోయినప్పుడు నీకు ఎలా ఉంటుంది?" అని అడగండి. ఆవిడ చెప్పిన మాటలను దిద్దకుండా, పుస్తక భాషలోకి మార్చకుండా, ఆవిడ అన్నది అన్నట్టే తెలుగులో వ్రాయండి. కాగితాన్ని ఫ్రిజ్ మీద అతికించండి. వచ్చే వారం బడికి దాని ఫోటో తెస్తే చాలు, కాగితం అక్కడి నుంచి తీయవద్దు.